‘మీ టోన్ స్ట్రైడెంట్‌గా ఉంది’ అంటే తిట్టారా?

ప్రశ్న: నేను గాజువాక దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో 9, 10 తరగతులకు లెక్కలు చెబుతాను. మధ్యలో ఒక టీచర్ మానేస్తే రెండు సెక్షన్లని కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. కిటికీ పక్కనే హైవే, లారీల హారన్లు. వెనక బెంచీకి వినపడాలంటే అరవాల్సిందే. నోట్‌బుక్కులు దిద్దే పని రెట్టింపైంది. స్టాఫ్ మీటింగ్‌లో ఈ సంగతే అడిగాను. తర్వాత వచ్చిన అప్రైజల్‌లో ‘సబ్జెక్ట్ బాగుంది, టోన్ ఒక్కోసారి స్ట్రైడెంట్‌గా ఉంటుంది’ అని రాశారు. ఫోన్‌లో డిక్షనరీ చూస్తే ‘కర్ణకఠోరమైన, కీచుమనే’ అని వచ్చింది. మావారు నవ్వేశారు గానీ నాకు నిద్ర పట్టడం లేదు. ఈమధ్య గొంతు కూడా బొంగురుపోయింది. నా గొంతు బాగాలేదన్నారా, మాటతీరు బాగాలేదన్నారా? మా ఇంగ్లీష్ మేడమ్ ‘రాకస్ అనలేదు, సంతోషించు’ అంటున్నారు. ఈ మాటలన్నీ లాటిన్ నుంచి వచ్చాయట కదా, వాటి అసలు అర్థాలేమిటి? దీనికి జవాబు రాయాలా, ఊరుకోవాలా?
ఒక లెక్కల టీచర్, విశాఖపట్నం

జవాబు: టీచర్ గారూ, వాళ్ళు మీ గొంతు జోలికి పోలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అప్రైజల్‌లో టోన్ అన్నారంటే అది మాటతీరు. దానికి స్ట్రైడెంట్ అని తగిలించారంటే, ఒక విషయాన్ని పట్టుబట్టి, వినేవాళ్ళకి ఇబ్బందయ్యేంత గట్టిగా చెబుతున్నారని. మీరు నిజంగా అలా చెప్పారా లేదా అన్నది వేరే సంగతి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ ఫోన్‌లోని డిక్షనరీ అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. ఇంగ్లీష్ పేపర్లో ఈ మాట ఎక్కడ కనిపిస్తుందో ఒకసారి గమనించండి. స్ట్రైడెంట్ విమర్శ, స్ట్రైడెంట్ డిమాండ్, స్ట్రైడెంట్ సంపాదకీయం. సంపాదకీయానికి గొంతెక్కడిది? అచ్చులో ఉన్నది చప్పుడే చేయదు. అయినా దాన్ని స్ట్రైడెంట్ అంటారంటే, మాట చెవిని వదిలేసి చాలా దూరం వచ్చేసిందన్నమాట. మన డిక్షనరీలు మొదటి అర్థం దగ్గరే ఆగిపోతాయి. దాంతో ‘కర్ణకఠోరం’ అన్న ఒక్క మాట కిందికే ఇంగ్లీష్‌లోని డజను మాటలు వచ్చి చేరతాయి. ఆ డజనులో ఏదీ ఇంకోదాని బదులు వాడేది కాదు.

స్ట్రైడెంట్‌కి మూలం లాటిన్‌లోని స్ట్రీడెరె అనే క్రియ. కిర్రుమనడం, కీచుమనడం, బుస్సుమనడం లాంటి చప్పుళ్ళకి రోమన్లు ఇదే వాడారు. తలుపు బందు కిర్రుమన్నా ఇదే, రంపం కోస్తుంటే ఒళ్ళు జలదరించినా ఇదే, ఓడ మీద తాళ్ళు గాలికి బిగుసుకుని మూలిగినా ఇదే. వీటిలో ఒక్కదానికీ గొంతు లేదు చూడండి. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లీష్‌లోకి వచ్చినప్పుడు కూడా చప్పుడుకే వాడారు. మనుషుల వాదనలకి, రాజకీయాలకి అంటించడం ఆ తర్వాత మొదలైంది.

దీనికి తోబుట్టువు లాంటి మాట స్ట్రిడ్యులేషన్. మీ బయాలజీ టీచర్‌ని అడగండి, చెబుతారు. కీచురాయి నోటితో అరవదు. దాని ముందు రెక్క మీద సన్నటి పళ్ళ వరస ఒకటి ఉంటుంది, ఇంకో రెక్కకి గట్టి అంచు ఉంటుంది. ఆ అంచుని ఆ పళ్ళ మీద రాస్తే వచ్చేదే కీచు. మిడతల్లో చాలా రకాలు వెనకకాలిని రెక్కకి రాస్తాయి. వానాకాలం రాత్రి సింహాచలం కొండ దిగువన నిలబడితే చెవుల్లో హోరెత్తేదంతా ఈ రాపిడే. ఇంకో సంగతి, కీచురాళ్ళలో ఈ గోలంతా మగవాటిదే. ఆడవాటిని పిలవడానికి అలా రాస్తాయి. దీన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఈ కుటుంబంలోనే స్ట్రైడర్ అని ఇంకో మాట ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పిల్లల వార్డులో డాక్టర్లు రోజూ వాడేది. పసిపిల్లలకి క్రూప్ లాంటి జబ్బు వచ్చి స్వరపేటిక దగ్గర వాచినప్పుడు, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమని చప్పుడొస్తుంది. గాలి వెళ్ళే దారి పైభాగంలో ఇరుకైందని దానర్థం. ఉబ్బసంలో వినిపించే పిల్లికూతలు వేరు, అవి ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి. ఎవరింట్లోనైనా చిన్నపిల్ల ఊపిరి పీల్చుతుంటే అలాంటి కీచు వినిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీ ప్రశ్నకి ఇది అక్కర్లేదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక మీ ఇంగ్లీష్ మేడమ్ అన్న రాకస్. లాటిన్‌లో రౌకుస్ అంటే బొంగురుపోయిన అని అర్థం. ఇంగ్లీష్‌లోకి 18వ శతాబ్దంలో వచ్చింది. కాబట్టి మూలం ప్రకారం ఇప్పుడున్న మీ గొంతుకి రాకసే సరిపోతుంది! అయితే వాడుక అలా లేదు. ఇప్పుడు రాకస్ అంటే బొంగురుదనంతో పాటు అదుపులేనితనం కూడా కావాలి, చాలాసార్లు కాస్త సరదా కూడా ఉంటుంది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒడ్డుకొచ్చాక చేపల వేలం జరుగుతుంటుంది కదా, అది రాకస్. మధురవాడ స్టేడియంలో ఇండియా మ్యాచ్ ఉన్నరోజు స్టాండ్స్‌లో ఉండేది రాకస్. పెళ్ళివిందులో మామయ్యలంతా ఒక బల్ల దగ్గర చేరి నవ్వే నవ్వు రాకస్. కాకి అరుపు కూడా అంతే, దానిలో సరదా లేకపోయినా. స్టాఫ్ మీటింగ్‌లో ఒక్కరే నిలబడి రెండు సెక్షన్ల గురించి అడగడం ఎంతమాత్రం రాకస్ కాదు. అంచేత మీ మేడమ్ ఓదార్పు నాకు అర్థం కాలేదు. నన్నడిగితే రాకస్ అనిపించుకోవడమే నయం. రాకస్ మనిషిని జనం విసుక్కుంటారు గానీ పక్కన కూర్చోబెట్టుకుంటారు.

రౌకుస్‌కి చుట్టం వరసయ్యే మాట ఒకటి మనం తెలుగులోనూ రోజూ వాడతాం. రూమర్. లాటిన్‌లో రూమోర్ అంటే మొదట గోల, జనం కేకలు, ఆ తర్వాత జనం చెప్పుకునే మాట. సంస్కృతంలోని రవం కూడా ఈ వంశానిదే. పక్షుల కలరవానికీ స్టాఫ్‌రూమ్ పుకారుకీ ముత్తాత ఒకడేనన్నమాట.

మీ గొంతు బొంగురుపోవడానికి ఇంగ్లీష్‌లో మామూలు మాట హోర్స్. దీనికి లాటిన్‌తో పనిలేదు, పాత ఇంగ్లీష్ సొంత మాట. దీని గురించి డిక్షనరీ చూడటం కంటే డాక్టర్‌ని చూడటం ముఖ్యం. టీచర్లకి ఇది మామూలే, గది పెద్దదై పిల్లలు ఎక్కువైతే గొంతు తాళ్ళు అలిసిపోతాయి. నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. గొంతు పట్టేసినప్పుడు గుసగుసగా మాట్లాడితే మేలనుకుంటారు చాలామంది, అది ఇంకా భారం. తక్కువగా, మామూలు స్వరంతో మాట్లాడటమే నయం. 3 వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి, వాయిదా వేయొద్దు.

లాటిన్ అని మీరన్నారు గానీ, కఠినమైన చప్పుళ్ళకి ఇంగ్లీష్‌లో ఉన్న మాటల్లో సగం లాటిన్‌వి కావు. ష్రిల్, స్క్రీచ్, క్రీక్, స్క్వీక్, ఇవన్నీ చప్పుడుని నోటితో అనుకరిస్తే పుట్టిన జర్మానిక్ మాటలు. మన కిర్రు, బుర్రు, గరగరల్లాంటివి. హార్ష్ అన్నది మొదట చెవికి సంబంధించిందే కాదు, చేతికి గరుకుగా, నాలుకకి చేదెక్కినట్టు ఉన్నదాన్ని అలా అనేవారు. లాటిన్ మాటలు ఆ పక్కనే కోటు వేసుకుని కూర్చున్న ఆఫీసర్ల లాంటివి. అదే చప్పుడు, కాస్త హోదా. మీ అప్రైజల్‌లో ‘షౌట్స్’ అని రాయడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు. స్ట్రైడెంట్ అని రాస్తే ఇద్దరికీ మర్యాద దక్కినట్టుంటుంది, కుట్టాల్సిన చోట కుడుతుంది.

వాళ్ళు వాడగలిగి ఉండీ వాడని మాటలు కొన్ని ఉన్నాయి, అవి తెలిస్తే స్ట్రైడెంట్ బరువెంతో తెలుస్తుంది.

వొసిఫరస్ అని రాసి ఉండొచ్చు. వోక్స్ అంటే కంఠం, ఫెర్రె అంటే మోయడం. కంఠాన్ని దూరందాకా మోసుకెళ్ళడం. ఇందులో గట్టిదనం ఉంది, నింద తక్కువ. ఒక హక్కు కోసం వొసిఫరస్‌గా పోరాడారు అంటే మెచ్చుకోలు కిందే లెక్క. అబ్‌స్ట్రెపరస్ అని రాసి ఉంటే మాత్రం నేను కూడా మీతోపాటు కోప్పడేవాణ్ణి. ఓబ్ అంటే ఎదురుగా, స్ట్రెపెరె అంటే గోల చేయడం. చెప్పినమాట వినకుండా ఎదురు తిరిగి అల్లరి చేసేవాళ్ళకి వాడే మాట అది. పెద్దవాళ్ళ కంటే పిల్లలకి బాగా నప్పుతుంది. రెండు సెక్షన్లు కలిసిన మీ గదిలో వెనక బెంచీలో ఎవరో ఒకరు ఈ బిరుదుకి తగినవాళ్ళు ఉండే ఉంటారు.

క్లామర్ కూడా ఉంది. లాటిన్‌లో క్లామారె అంటే కేక వేయడం. దీని పిల్లలు లెక్కలేనన్ని. ఎక్స్‌క్లెయిమ్, ప్రొక్లెయిమ్, అక్లెయిమ్, చివరికి ఒట్టి క్లెయిమ్. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారం నింపుతున్నప్పుడు మనం చేస్తున్నది ఒకప్పటి లెక్కలో కేకేయడమే. నాకిది రావాలి అని అరిచేది కాస్తా, నాకిది రావాలని కాగితం మీద రాసేదిగా సర్దుకుంది. మీరు మీటింగ్‌లో చేసింది కూడా సరిగ్గా ఇదే, ఒక క్లెయిమ్. దాన్ని విన్నవాళ్ళు దాని పాత అర్థంలో విన్నట్టున్నారు.

క్లామర్‌తో కలగాపులగం చేయకూడని మాట క్లాంగర్. క్లామర్ మనుషుల కేక, క్లాంగర్ లోహాల మోత. లాటిన్‌లో బాకాల ధ్వనికి, పెద్ద పక్షుల అరుపుకి కూడా వాడేవారు. ఇప్పుడైతే ఇనుము మీద ఇనుము. సింధియా వైపు షిప్‌యార్డ్ గోడ పక్కనుంచి వెళ్ళినవాళ్ళకి వివరించక్కర్లేదు. రోమన్ కవి వర్జిల్ ఈ తేడాలని ఎంత నిక్కచ్చిగా పాటించాడంటే, మహాకావ్యం మొదట్లో ఓడలని తుపాను పట్టుకున్నప్పుడు మనుషులది క్లామోర్ అంటాడు, తాళ్ళది స్ట్రీడోర్ అంటాడు, రెండూ ఒకే పాదంలో. తర్వాతి భాగంలో ట్రాయ్ నగరం తగలబడుతుంటే మనుషులది మళ్ళీ క్లామోర్, బాకాలది క్లాంగోర్. హుద్‌హుద్ తుపాను రోజు మనవాళ్ళు విన్నది కూడా ఇలాగే విడదీయొచ్చు. 2014 అక్టోబర్ 12న తీరం దాటిన ఆ గాలిలో ఊగిన రేకులది, హోర్డింగులది స్ట్రీడోర్. కిటికీలు బిగబట్టుకున్న జనానిది క్లామోర్.

కకాఫనీ గురించి ఒక్క ముక్క. చాలామంది లాటిన్ అనుకుంటారు, అది గ్రీకు. కకోస్ అంటే చెడ్డ, ఫోనె అంటే ధ్వని. ఒక మనిషి గొంతుని కకాఫనీ అనరు, దానికి పొసగని చప్పుళ్ళు చాలా కావాలి. సాయంత్రం పూట మద్దిలపాలెం జంక్షన్ చాలు. అదే అర్థానికి దగ్గరగా లాటిన్ ఇచ్చింది డిసొనెన్స్, వేర్వేరుగా మోగడం. డిస్‌కార్డ్ మాత్రం అందరినీ మోసం చేస్తుంది. సంగీతంలో వాడతాం కాబట్టి అందులోని ‘కార్డ్’ అంటే తీగ అనుకుంటాం. అది కోర్, గుండె. మన హృదయానికి అక్కచెల్లెలు. గుండెలు విడిపోవడం మొదటి అర్థం, స్వరాలు పొసగకపోవడం తర్వాత వచ్చింది.

లెక్కల టీచర్ కాబట్టి మీకు నచ్చే రెండు మాటలు దాచిపెట్టాను. మొదటిది డిస్క్రెపెన్సీ. హాజరు పట్టీలో ఒక సంఖ్య, ఫీజు పట్టీలో ఇంకో సంఖ్య ఉంటే డిస్క్రెపెన్సీ అంటాం. అందులో ఉన్నది క్రెపారె, టపటపమని పగలడం, చిటపటలాడటం. డిస్క్రెపారె అంటే శ్రుతి కలవకుండా మోగడం. అంటే లెక్క తేడా రావడం మొదట చెవికి తెలిసే తప్పు. ఇదే క్రెపారె డాక్టర్ల దగ్గర క్రెపిటస్ అయింది. మోకాలు వంచితే లోపల పటపటలాడే చప్పుడు అది. ఊపిరితిత్తుల్లో వినిపించే సన్నటి చిటపటలకి కూడా ఈ కుటుంబం మాటే. మెడిసిన్ పిల్లలకి అది ఎలా ఉంటుందో చెప్పడానికి, చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ళతో నలిపి చూడమంటారు. చేసి చూడండి, భలే పోలిక.

రెండోది సర్డ్. వర్గమూలం 2, వర్గమూలం 3 లాంటివాటిని సర్డ్స్ అని పిల్లలకి చెబుతారు కదా. లాటిన్‌లో సుర్దుస్ అంటే చెవిటి, మూగ, మోగని. సంఖ్యకి చెవుడేమిటి? కథ గ్రీకుల దగ్గర మొదలైంది. రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా చెప్పలేనిదాన్ని వాళ్ళు అలోగోస్ అన్నారు. లోగోస్ అంటే వాళ్ళ భాషలో నిష్పత్తీ అవుతుంది, మాటా అవుతుంది. అరబ్బీ గణితజ్ఞులు దాన్ని రెండో అర్థంలో పట్టుకుని చెవిటిది, మూగది అనే మాటగా మార్చారు. 12వ శతాబ్దంలో అరబ్బీ గణిత గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు అది సుర్దుస్ అయింది. ఇంగ్లీష్‌లో సర్డ్ అయి మీ నల్లబల్ల మీదికి వచ్చింది. అబ్సర్డ్ కూడా ఇటువైపుదే, లాటిన్‌లో దాని మొదటి అర్థం అపశ్రుతి. రెండు సెక్షన్లని ఒక గదిలో కుక్కి, టీచర్ గట్టిగా మాట్లాడుతోందని రాయడానికి నాకు తోచిన మాట ఇదే.

నాయిస్ గురించి చెప్పకపోతే విశాఖ వాళ్ళకి అన్యాయం చేసినట్టే. ఎక్కువమంది పండితులు ఒప్పుకునే మూలం ప్రకారం నాయిస్ వచ్చింది నాసియా నుంచి, అంటే ఓడ ఎక్కినవాళ్ళకి వచ్చే కడుపులో తిప్పు. దాని వెనక గ్రీకు నౌస్, ఓడ. మన నౌక కూడా ఆ వంశమే. సముద్రం మీద తిప్పు, బాధ, ఆ బాధలో గోల, చివరికి పాత ఫ్రెంచ్‌లో ఒట్టి గోల అయిందని అంటారు. కాదు, హాని అనే అర్థమున్న ఇంకో లాటిన్ మాటే మూలమని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా నాయిస్ అంటే అక్కర్లేని చప్పుడని చట్టం కూడా ఒప్పుకుంటుంది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల కింద స్కూళ్ళు, ఆస్పత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. అక్కడ పగటిపూట హద్దు 50 డెసిబెల్స్, ఇళ్ళుండే చోట 55. హైవే పక్క తరగతి గదిలో ఇది ఎంతవరకు నిలుస్తుందో మీకే తెలుసు. అయినా మీ యాజమాన్యం ముందు పెట్టడానికి పనికొచ్చే పాయింట్ ఇది, ఎందుకంటే ఇందులో తప్పు వాళ్ళదీ కాదు మీదీ కాదు. హారన్ వద్దనే బోర్డు, కిటికీలకి అద్దాలు, మీకొక చిన్న మైకు, ఇవి అడగడం తేలిక, ఇవ్వడం కూడా తేలిక.

ఇప్పుడు అసలు ప్రశ్న, జవాబు రాయాలా వద్దా. రాయండి. కానీ స్ట్రైడెంట్ అన్న మాటతో తగువు పెట్టుకోకండి. ‘నేను స్ట్రైడెంట్ కాదు’ అని ఎంత మెత్తగా రాసినా చదివేవాళ్ళకి అది స్ట్రైడెంట్‌గానే వినపడుతుంది. ఈ మాటలో ఉన్న పెద్ద చిక్కు అదే. దానికి బదులు సందర్భం అడగండి. ఇలా రాయొచ్చు: ‘మీ వ్యాఖ్య చదివాను. ఏ సందర్భంలో, ఏ మాటలు అలా అనిపించాయో చెబితే చూసుకుంటాను. రెండు సెక్షన్లు కలిపిన ఏర్పాటు ఇంకా అలాగే ఉంది. దాని గురించి మీ నిర్ణయం తెలియజేయగలరు.’ అంతే. రెండో వాక్యం మీ మర్యాద, చివరి రెండూ మీ క్లెయిమ్. చేత్తో ఇచ్చి ఊరుకోకుండా మెయిల్ కూడా పెట్టండి.

రాసే ముందు ఒకటి నిజాయితీగా ఆలోచించుకోండి. మీటింగ్‌లో ఒకే విషయాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తారా? ఎదుటివాళ్ళు జవాబు చెబుతుంటే మధ్యలో అందుకున్నారా? మనవైపు న్యాయం ఉన్నప్పుడే ఇలా ఎక్కువ జరుగుతుంది. న్యాయంగానూ మాట్లాడొచ్చు, స్ట్రైడెంట్‌గానూ మాట్లాడొచ్చు, రెండూ ఒకేసారి కుదురుతాయి. అలా జరిగి ఉంటే వచ్చేసారి ఒకసారే చెప్పి, కాగితం మీద పెట్టి కూర్చోండి. జరగలేదంటే, ఆ మాట రాసినవాళ్ళ చెవి ఎలాంటిదో కూడా చూడాలి. ఇందాక కీచురాళ్ళ సంగతి గుర్తుంచుకోమన్నాను. అక్కడ రెక్కలు రాసి గోలపెట్టేది మగవి. ఆఫీసు కాగితాల్లో మాత్రం స్ట్రైడెంట్, ష్రిల్ అన్న రెండు మాటలూ ఆడవాళ్ళకే ఎక్కువగా తగులుతాయని ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళే ఎన్నాళ్ళనుంచో అంటున్నారు. అదే మీటింగ్‌లో అదే సంగతి ఒక సార్ అడిగి ఉంటే ఏమని రాసేవారో ఊహించండి. బహుశా ఫర్మ్ అనో, కాండిడ్ (దాపరికం లేకుండా మాట్లాడేవాడు) అనో. ఫర్మ్‌కి లాటిన్‌లో గట్టిగా నిలబడినది అని అర్థం. కాండిడ్‌కి తెల్లనిది అని. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్ళు సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం కట్టుకుని తిరిగేవారు, క్యాండిడేట్ అన్న మాట అక్కడిదే. మార్చమని అడిగే అవకాశం మీకు వస్తే ఈ రెంటిలో ఒకటి సూచించండి. నా ఓటు కాండిడ్‌కి.

ఒకవేళ వాళ్ళు పిలిచి మాట్లాడితే ఈ మాటలు నోటితో పలకాల్సి వస్తుంది కాబట్టి ఉచ్చారణ కూడా చెప్పేస్తాను. స్ట్రైడెంట్, స్ట్రైడర్ రెండింటిలోనూ ‘స్ట్రై’. స్ట్రిడ్యులేషన్‌లో మాత్రం ‘స్ట్రి’. రాకస్ అనాలి, స్పెల్లింగ్ చూసి రౌకస్ అనొద్దు. క్లామర్‌ని గ్లామర్‌లాగే పలికితే చాలు. కకాఫనీలో ఒత్తు రెండో అక్షరం మీద పడుతుంది. అబ్‌స్ట్రెపరస్‌ని తొందర లేకుండా పలకండి, ఇంగ్లీష్ పుట్టుభాష అయినవాళ్ళే దానిలో కాలు జారుతుంటారు.